గుమ్మం దాకా ఊపిరి

జూలై 8, సోమవారం

మొదటి రోజు అయిపోయింది. కాళ్ళు పీకుతున్నాయి. పొద్దున తిన్న రెండు ఇడ్లీలు తప్ప కడుపులో ఏమీ లేదు.

ఈ డైరీ తెలుగులో రాస్తున్నాను. హాస్టల్లో పక్క మంచం మీద పడుకునే హెలెన్‌కి ఈ లిపి రాదు, అదొక కారణం. ఇంకోటి, ఇంగ్లీషులో మొదలుపెడితే ఇది కాలేజీకి పంపాల్సిన రిఫ్లెక్షన్ లాగా తయారవుతుంది. ఏం చూశాను, ఏం నేర్చుకున్నాను, మరోసారి అయితే ఏం మార్చుకుంటాను. అది వేరే రాయాలి, ఐదు వందల మాటల్లో. పదకొండేళ్ళు వచ్చేదాకా గుడివాడలో చదివాను. ఇంగ్లండులో లెస్టర్ వెళ్ళాక ప్రతి ఆదివారం నాన్న ఒక పేజీ చూచిరాత రాయించేవాడు. ఆ తెలుగు ఇక్కడైనా పనికి రావాలి.

మెడిసిన్ చదువులో భాగంగా కాలేజీ నన్ను ఇక్కడికి పంపింది. ఆస్పత్రి ఉత్తర చెన్నైలో ఉంది, ఏదో ట్రస్టు వాళ్ళది. నన్ను మగవాళ్ళ మెడికల్ వార్డులో వేశారు. ముప్పై రెండు మంచాలు. ప్రతి మంచం కిందా ఒక చాప, చాప మీద ఒక మనిషి. రోగికి తినిపించేది, తుడిచేది, చీటీ పట్టుకుని కింద మందుల షాపుకు పరిగెత్తేది అంతా వాళ్ళే. మా లెస్టర్‌లో చుట్టాలను రెండు గంటలు రానిచ్చి గంట కొట్టి పంపేస్తారు. ఇక్కడ చుట్టాలు లేకపోతే వార్డు నడవదు. నేను మాత్రం పొద్దున్నంతా నిలబడడానికి చోటు వెతుక్కున్నాను. ఎక్కడ నిలబడ్డా ఎవరి టిఫిన్ డబ్బాకో అడ్డం.

డాక్టర్ కార్తీ అని చిన్న వయసాయన, మాట్లాడే దానికన్నా వేగంగా నడుస్తాడు. వార్డును అసలు నడిపేది స్టెల్లా సిస్టర్. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వార్డులో ఉందట. నా తెల్లకోటు వైపు ఒకసారి చూసి, బటన్లు సరిగ్గా పెట్టుకోమంది.

మద్రాసు నిండా తెలుగువాళ్ళేనే, నీకేం భయం అంది అమ్మ. ఒక్కరూ కనపడలేదు. ఒక ముసలాయన నాకు చేతులు జోడించి తమిళంలో ఏదో అడిగాడు. స్టూడెంట్, స్టూడెంట్ అన్నాను. ఆయన మళ్ళీ చేతులు జోడించాడు.

జూలై 9

ఎవరికీ పనికి రాలేదు. లిఫ్టులోంచి రెండుసార్లు దించేశారు, అది రోగులకు మాత్రమేనట.

జూలై 10, బుధవారం

దొరికారు.

పద్నాలుగో మంచం. ఆక్సిజన్ అంకె చూడడానికి ఆయన వేలికి క్లిప్పు పెట్టాను. రాసుకుందామంటే పెన్ను లేదు. ఎక్కడ పెట్టానురా బాబూ అని నాలో నేను గొణుక్కున్నాను. మాస్కు లోపలి నుంచి మాట వినపడింది.

"చెవి మీద ఉండాది చూడు, పాపా."

ఏడుపొచ్చినంత పనైంది. పేరు వీరరాఘవులు, డెబ్భై నాలుగేళ్ళు. మీది ఏ ఊరు తాతగారూ అని అడిగితే ఈ ఊరేనన్నారు. అంతకుముందు అంటే, వాళ్ళ తాతకు తాత కూడా ఈ ఊరేనట. గారు తీసెయ్, తాత అంటే చాలన్నారు. సౌకార్‌పేట దుకాణాల్లో తక్కెళ్ళు, తూకం రాళ్ళు బాగుచేసే పని యాభై ఏళ్ళు చేశారు. తూకం రాయి అరిగితే అడుగున గుంటలో సీసం కరిగించి పోసి సరిచేస్తారట. ఆ పొగంతా లోపలికే పోయింది. ఊపిరితిత్తులు పీచుకట్టాయి. దానికి తోడు ఇప్పుడు ఇన్ఫెక్షన్. మాస్కు పెట్టినా అంకె ఎనభై తొమ్మిది దాటడం లేదు.

మంచం కింద చాప మీద ఉండేది కూతురు అలమేలు. నలభై ఐదు ఉంటాయి. ఆమెది తొండియార్‌పేట, తండ్రితోనే ఉంటుంది, బళ్ళో పిల్లల అన్నం వండే పని. నన్ను డాక్టరమ్మా అంది. స్టూడెంట్‌నండీ అని చెప్పాను. సరి డాక్టరమ్మా అంది.

జూలై 12, శుక్రవారం

రౌండ్లు అయ్యాక పద్నాలుగో మంచం దగ్గరే ఉంటున్నాను. ఆయనకు మాట మాటకూ ఆయాసం, అయినా చెప్పకుండా ఉండలేరు. ఏ సేటు తూకంలో ఎలా మోసం చేసేవాడో, ఏ సేటు తప్పుడు తక్కెడ అని తెలిసి ఏడ్చాడో. నేను నవ్వుతుంటే స్టెల్లా సిస్టర్ ఓరగా చూసింది.

ఇవాళ నేను తెలివితక్కువగా ఒక ప్రశ్న అడిగాను. మీకు ఏం కావాలి తాతా అని. కాలేజీలో నేర్పిన ప్రశ్నే. రోగికి ఏది ముఖ్యమో అడిగి తెలుసుకోవాలి.

"ఇంటికి పోవాల. ఊపిరితో పోవాల. అంతే పాపా, నాకింకేం వద్దు."

తర్వాత అలమేలక్క విడమర్చి చెప్పింది. (అలమేలు గారూ అంటే నవ్వింది. అక్కా అనమంది.) వాళ్ళది బాడుగ ఇల్లు. ఒకే గేటు, లోపల ఆరు పోర్షన్లు, మేడ మీద ఇంటాయన. ముప్పై ఒక్క ఏడాది నుంచి ఉంటున్నారు. అయినా ఈ ఊళ్ళో బాడుగ ఇంట్లోకి బయటినుంచి శవాన్ని రానివ్వరట. లోపలే పోతే ఎవరూ ఏమీ అనలేరు, స్నానం చేయించి, దీపం పెట్టి, మర్యాదగా తీసుకుపోవచ్చు. ఆస్పత్రిలో పోతే మాత్రం గేటు బయటే అన్నీ.

ఎనిమిదేళ్ళ కింద వాళ్ళ అమ్మ ఆస్పత్రిలో పోయింది. వీధిలో పెట్టారు. ఇది తాతే చెప్పారు, మాస్కు పక్కకు లాగి మరీ.

"మా ఆవిడికి వీధిలో నీళ్ళు పోసినాం. ఆడోళ్ళు నలుగురు చుట్టూ చీరలు పట్టినారు. గాలికి లేచిపోతా ఉంటే నేను ఒక చీరంచు కాలితో తొక్కిపెట్టుకోని నిలబడినా. ఇరవై మూడేండ్లు ఆ గుమ్మానికి ముగ్గేసిన మనిషి."

మాస్కు సర్ది పెట్టాను. అంకె ఎనభై రెండుకు పడి మెల్లగా పైకి వచ్చింది. పాతకాలం భయం అనుకున్నాను. ముప్పై ఏళ్ళు ఉన్నవాళ్ళను ఎవరైనా నిజంగా గేటు బయట పెడతారా? ఎనిమిదేళ్ళ కింద ఏదో గొడవ జరిగి ఉంటుంది.

జూలై 14, ఆదివారం

సెలవు. హెలెన్ మహాబలిపురం వెళ్ళింది. నేను వెళ్ళలేదు.

అమ్మ ఫోన్ చేసింది. పద్నాలుగో మంచం గురించి చెప్పాను. ఇంటికి వెళ్ళాలనుకుంటున్నాడు అన్నాను.  మీ నాన్న కూడా అలాగే అడిగాడు కదా అంది అమ్మ. చార్జింగ్ లేదని పెట్టేశాను. అరవై రెండు శాతం ఉంది.

నాన్న ఇంట్లోనే పోయాడు. నాకప్పుడు పదిహేడు. రావాల్సిన నర్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఊపిరాడక పోయాడు. నేను చూశాను. ఎవరికీ అలా జరగకూడదనే ఈ చదువులోకి వచ్చాను. ఇంటర్వ్యూలో ఇదే చెప్పాను, సీటిచ్చారు.

జూలై 15

తొమ్మిదో మంచం వాళ్ళమ్మాయి కూడా నన్ను డాక్టర్ అంది. ఇవాళ దిద్దలేదు. ప్రతిసారీ దిద్దుతూ కూర్చుంటే పని సాగదు.

జూలై 17, బుధవారం

తాత పరిస్థితి బాగాలేదు. మాస్కుతో ఎనభై నాలుగు. రాత్రంతా కూర్చునే ఉన్నారట. గోళ్ళు నీలంగా ఉన్నాయి.

డాక్టర్ కార్తీ అలమేలక్కను పక్కకు పిలిచి తమిళంలో మాట్లాడాడు, తర్వాత నాకు ఇంగ్లీషులో చెప్పాడు. ఇన్ఫెక్షన్‌కు మందు మార్చాడు. అది పనిచేస్తే నాలుగు రోజులు ఉంటారు, చేయకపోతే రెండు. ఎలా చూసినా వారం దాటదు. ఇంటికి తీసుకుపోతామంటే ఆపనన్నాడు. అలమేలక్క అప్పటికే నిర్ణయించుకుంది. రేపు మధ్యాహ్నం అంబులెన్సు, ఇంట్లోకి అద్దె సిలిండరు, అన్నీ మాట్లాడుకుంది. తాతకు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన పొద్దుటినుంచి తాకని గంజి మూడు చెంచాలు తాగారు.

ఇలా పంపేయడం మీకు సరైనదే అనిపిస్తుందా అని స్టెల్లా సిస్టర్‌ను అడిగాను. ఆమె సెలైన్ సీసా మారుస్తూ మాట్లాడింది. ఈ వార్డులో సగం మందిని బతికించి పంపుతాం, మిగతా సగాన్ని బతికి ఉండగా పంపుతాం, రెండూ మా పనే అంది. ఏ గంటకు పంపాలో తెలియడమే కష్టమట. తెల్లవారుజామున చేత్తో నొక్కే గాలి సంచీతో ఊపిరి అందిస్తూ మనుషుల్ని ఇళ్ళకు చేర్చిన రోజులున్నాయట.

నాకు అది వైద్యంలా అనిపించలేదు. చిన్న సిలిండరు ఎన్ని గంటలొస్తుంది? అది అయిపోయాక? ఒక్కతే ఆడమనిషి, ఆరు పోర్షన్ల ఇంట్లో. ఎవరైనా ఆలోచించారా?

జూలై 18, గురువారం

ఇవాళ ఒక మంచి పని చేశాను.

పదకొండు గంటలకు అలమేలక్క మెట్ల మీద కూర్చుని బట్టల సంచీ సర్దుతోంది. నేనూ పక్కన కూర్చున్నాను. సిలిండరు లెక్క చెప్పాను. మాస్కు ఎంత జోరుగా వదలాలో, ఆ జోరులో రెండు మూడు గంటల్లో ఎలా ఖాళీ అవుతుందో. ఖాళీ అయ్యాక మనిషికి ఏమవుతుందో కూడా చెప్పాను. దాచకుండా చెప్పాలి కదా. ఆమె చేతులు సంచీలో ఆగిపోయాయి.

"మా నాన్న ఇంట్లోనే పోయాడక్కా. ఊపిరాడక. నేను కళ్ళారా చూశాను. రెండు రోజులు ఆగండి. మందు పనిచేస్తే కాస్త తేరుకుంటారు, అప్పుడు నిమ్మళంగా తీసుకెళ్ళండి."

ఆమె చాలాసేపు నా ముఖంలోకి చూసింది. గేటు సంగతి గుర్తుచేసింది. రెండు రోజుల్లో ఏమీ కాదన్నాను. కాదనే అనుకున్నాను. డాక్టర్ కార్తీ నాలుగు రోజులన్నాడు కదా. నాలుగు అన్నాడు, మందు పనిచేస్తే.

"మీరు చెప్తే సరి డాక్టరమ్మా. లండన్‌లో చదివినోరు. మాకేం తెలుసు."

లండన్ కాదు లెస్టర్ అని చెప్పాను. డాక్టర్ని కాను అని చెప్పలేదు.

అంబులెన్సు వద్దని ఆమె ఫోన్ చేసింది. స్టెల్లా సిస్టర్ డిశ్చార్జి కాగితాలు పక్కన పెడుతూ నా వైపు చూసింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అంటుంది అమ్మ. ఆ చూపులో అదే ఉంది. ఉండనీ. ఇరవై ఆరేళ్ళు చేసినంత మాత్రాన అన్నీ సరైనవి కావు.

నిజం చెప్పాలంటే ఆయన వెళ్ళిపోతే వార్డులో నాతో మాట్లాడేవాళ్ళు ఉండరు. అది కారణం కాదు. ఊరికే రాస్తున్నాను.

జూలై 19, శుక్రవారం

తొంభై ఒకటి. మందు పనిచేస్తోంది. డాక్టర్ కార్తీ కూడా తలాడించాడు. అంకె తాతకు చూపించాను. చూసి, గోడవైపు తిరిగి పడుకున్నారు. అలసట.

ఇవాళ సౌకార్‌పేట కథలేవీ లేవు. మాస్కుతో మాట్లాడడం కష్టం కదా.

జూలై 20

ఇవాళ రాయను.

జూలై 21, ఆదివారం

నిన్న పొద్దున పదకొండు ఇరవైకి వీరరాఘవులు తాత పోయారు. నిద్రలో పోయారు. అలమేలక్క చీటీ పట్టుకుని కింద మందుల షాపు క్యూలో ఉంది. నేను పరిగెత్తుకుంటూ మెట్లు దిగాను. ఆమె నన్ను చూసి చీటీ మడిచి బొడ్లో దోపుకుంది. అడగలేదు. వరసలోంచి పక్కకు వచ్చి, ముందుకు పొమ్మని వెనకాయనకు చెప్పింది.

వ్యాన్ వెనక ఆటోలో నేనూ వెళ్ళాను. వద్దని డాక్టర్ కార్తీ అన్నాడు. వెళ్ళాను.

తొండియార్‌పేటలో సన్న సందు. ఆడి నెల, తమిళుల ఆషాఢం, మొదలైంది కాబట్టి వీధి పొడుగునా వేపమండలు కట్టారు, అమ్మవారి గుడి దగ్గర స్పీకరు మోగుతోంది. మేం వెళ్ళేసరికే గేటు వేసి ఉంది. సందు మలుపులో, కరెంటు పెట్టె పక్కన షామియానా వేసి ఉంది. కింద నాలుగు కుర్చీలు. ఐస్ పెట్టెకు పక్కింటి కిటికీలోంచి వైరు లాగారు.

ఇంటాయన కిందికి వచ్చాడు. అరవై దాటిన మనిషి, పైన తుండుగుడ్డ. ఆయన్ని తిట్టాలని నేను మాటలు కూడబలుక్కుని వెళ్ళాను. ఆయన వీరరాఘవులు ముఖం చూసి నోటికి తుండు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కుర్చీలు ఆయనవే. అందరికీ మజ్జిగ వాళ్ళింటినుంచే వచ్చింది. షామియానా ఖర్చు కూడా ఆయనదేనట. గేటు మాత్రం తియ్యలేదు. ఆరు కుటుంబాలు ఉండే చోటు, నేనొక్కణ్ణి అనుకుంటే సరిపోదమ్మా అని అలమేలక్కతో తమిళంలో అంటుంటే, నాకు ఆ మాత్రం అర్థమైంది. ఆయన చెడ్డవాడై ఉంటే నాకు బాగుండేది.

స్నానం వీధిలోనే. బిందెలతో నీళ్ళు గేటు సందులోంచి అందించారు. ఈసారి చీరలు కాదు, పంచెలు. పట్టుకోవడానికి ముగ్గురే ఉన్నారు. నాలుగో కొసకు ఎవరో నన్ను పిలిచారు. పట్టుకున్నాను. గుడి వైపునుంచి గాలి వస్తోంది. పంచె లేచింది. నేనూ అంచును కాలితో తొక్కిపెట్టాను. ఒకసారి తల తిప్పి చూశాను. నీళ్ళు మురుగుకాలువ వైపు పోతున్నాయి. ఆయన పాదాలు చాలా చిన్నవి, వార్డులో ఎప్పుడూ దుప్పటి కింద ఉండేవి.

అలమేలక్క నన్ను వచ్చిన చుట్టాలందరికీ చూపించింది. నాయన్ని బాగా చూసుకున్న డాక్టరమ్మ అంది. కుర్చీ వేయించింది. నేను మజ్జిగ కూడా తాగాను.

జూలై 22, సోమవారం

రిఫ్లెక్షన్ పంపేశాను. సరిగ్గా ఐదు వందల మాటలు. జీవితాంత సంరక్షణలో స్థానిక కుటుంబాల పాత్రను గౌరవించడం నేర్చుకున్నానని రాశాను. గంటలో ట్యూటర్ జవాబు వచ్చింది. చాలా పరిణతి కనపడిందట.

జూలై 23

పద్నాలుగో మంచం మీద వేరే ఆయన. తమిళం. నాకు కోపం వచ్చింది ఆయన మీద.

స్టెల్లా సిస్టర్ నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. టీ ఇచ్చింది. గ్లాసులు కడిగేటప్పుడు మాత్రం ఒక మాట అంది. ఇక్కడి కుటుంబాలు మమ్మల్ని అడిగేది ఎప్పుడు తీసుకుపోవాలి అనే, ఆ అలమేలుకు నేను చెప్పిన రోజు గురువారం అంది.  ఆమె గ్లాసు తుడిచి బోర్లించింది.

జూలై 25, గురువారం

మూడు రాత్రుల నుంచి నిద్ర లేదు. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంకెక్కడ రాస్తాను?

ఆయన నిద్రలో పోలేదు.

పదకొండు గంటలకు అంకె పడడం మొదలైంది. ఎనభై, డెబ్భై నాలుగు. మందు రాసిచ్చారు, అలమేలక్క చీటీతో కిందికి పరిగెత్తింది. డాక్టర్ కార్తీ అటు చివర మంచం దగ్గర ఉన్నాడు. తాత లేచి కూర్చున్నారు. మాస్కు లాగేశారు. నేను మళ్ళీ పెట్టాను. మళ్ళీ లాగారు.

"ఇంటికి," అన్నారు.

మాస్కు పెట్టుకోండి తాతా, పెట్టుకుంటే తగ్గుతుంది అన్నాను. ఆయన చెయ్యి మాస్కు మీదికి పోకుండా పట్టుకున్నాను. రెండోసారి మాస్కు లోపలే అన్నారు. ఇంటికి. మాస్కు ఆవిరి పట్టింది. ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకుని తొలగించబోయారు. తూకం రాళ్ళు మోసిన చెయ్యి, ఇంకా బలం ఉంది. నాకు ఇరవై రెండేళ్ళు. నా బలమే ఎక్కువైంది. మూడోసారి అన్నప్పుడు నా ముఖంలోకి చూస్తూ అన్నారు. తర్వాత ఆ చెయ్యి నా చేతిలోనే ఊరుకుంది. అంకె రావడం లేదని నేను క్లిప్పు మార్చాను. వేలు మార్చాను. ఇంకో వేలు. స్టెల్లా సిస్టర్ వచ్చి నా చెయ్యి విడిపించింది.

ఇంకోటి కూడా ఉంది.

నాన్న పోయినప్పుడు నేను గదిలో లేను. పై మెట్టు మీద కూర్చుని రెండు చెవులూ మూసుకున్నాను. అమ్మ నన్ను పిలిచింది. నాన్న కూడా పిలిచి ఉంటాడు, నాకు తెలియదు, చెవులు మూసుకున్నాను కదా. ఊపిరాడక పోయాడని నేనే అనుకున్నాను. ఎలా పోయాడని అమ్మను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. చూశానని ఇంటర్వ్యూలో చెప్పాను. చూశానని ఇక్కడ రాశాను. కళ్ళారా చూశానని అలమేలక్కకు చెప్పాను, దాన్ని నమ్మే ఆమె అంబులెన్సు వద్దంది.

జూలై 26

అమ్మకు ఫోన్ చేశాను. అడిగాను. నాన్న నిమ్మళంగానే పోయాడట. చివర్లో కిటికీ తియ్యమన్నాడట. నేను ఏడుస్తుంటే అమ్మ ఇన్నాళ్ళూ నీకు తెలుసనుకున్నానే అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఇది. అయినా ఆదివారం తొండియార్‌పేట వెళ్తాను.

జూలై 28, ఆదివారం

వెళ్ళాను.

షామియానా లేదు. కరెంటు పెట్టె పక్కన ఎవరో సైకిలు పెట్టుకున్నారు. పదో రోజు కూడా కాలేదు కాబట్టి అలమేలక్క ఇల్లు కదలదని తెలుసు. గేటు బయట చేతిపంపు దగ్గర నీళ్ళు కొడుతోంది. నన్ను చూసి నవ్వబోయింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, లోపలికి రమ్మని గేటు తోసింది. నాకోసం ఆ గేటు తెరుచుకుంది. నేను లోపలికి వెళ్ళలేదు. అక్కడే నిలబడి చెప్పేస్తానన్నాను.

నేను డాక్టర్ని కానన్నాను. మా నాన్న సంగతి చెప్పాను, నేను చూడలేదని, ఆయన ఊపిరాడక పోలేదని. ఆ రోజు మెట్ల మీద నేను చెప్పకపోతే మీరు గురువారం తీసుకొచ్చేవాళ్ళు కదా అన్నాను. తాత నిద్రలో పోయారని మీకు చెప్పింది అబద్ధమని, మాస్కు సంగతి చెప్పాను. చెయ్యి పట్టుకున్నానని చెప్పాను. ఇన్ని మాటలు ఒక్క ఊపున చెప్పాను, ఆపితే మళ్ళీ చెప్పలేనని. ఆమె బిందె నిండి పొర్లుతోంది. పంపు కొట్టడం మాత్రం ఆపలేదు. కాసేపటికి ఆపింది.

"నాయన ఇంటికి అన్నాడా?"

"అన్నారు."

"ఎన్ని తూర్లు?"

తక్కువ చేసి చెప్పవచ్చు. ఒక్కసారి అని చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది.

"మూడు సార్లు."

ఆమె పంపు పిడి పట్టుకుని వంగి నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. లోపల ఎవరో కుక్కర్ దించారు. ఆమె మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

"నేను ఆడుంటే మొదటి తూరికే ఎత్తుకోని వచ్చుందును."

నేను అక్కా అన్నాను. ఆమె బిందె చంకకు ఎత్తుకుంది.

"చెప్పినారు, అది మేలు. లేకుంటే నాయన నిద్రలో పోయినాడనే అనుకోని నేను కూడా ఒకనాడు పోయుందును. ఇంక రావద్దమ్మా."

గేటు లోపలికి వెళ్ళింది. గేటు వెయ్యలేదు. నీళ్ళ బిందెతో చెయ్యి ఖాళీ లేదు. నేనే దగ్గరికి లాగి, గడియ పెట్టి వచ్చేశాను.